రెండు గాట్ల రబ్బర్లు

బస్సులు ఆగిపోయే ఊరు,
పోస్టాఫీసు వెనక గది

అన్నయ్యకి,

నేనూ నా సైకిలూ చేరాం. బస్సు పైన కట్టినవాడు దాన్ని మడత మంచం అనుకున్నాడో ఏమో, హ్యాండిలు వంకర తిప్పేశాడు. నువ్వుంటే వాడితో తగువు పెట్టుకునేవాడివి. నేను నోరు మూసుకుని సరిచేసుకున్నాను. జీవితమంతా సైకిలు మీద ఉత్తరాలు పంచినదాన్నని చెప్పగానే ఇక్కడి పోస్టుమాస్టరు ఈ గది ఇచ్చాడు. ఉద్యోగం వదిలేసినా మన జాతి మనల్ని గుర్తుపడుతుంది.

ఇంట్లో నీ మొహం చూస్తూ అనలేకపోయిన మాట ఇక్కడ రాస్తున్నాను. గంటమ్మ పోయిన దగ్గర్నుంచి నువ్వు బ్రేకు ముట్టుకోవడం లేదు. పంక్చర్లు వేస్తావు, చైను బిగిస్తావు, బ్రేకు పని వస్తే పక్క వీధి షాపుకి పంపేస్తావు. అడిగితే చూపు ఆనడం లేదంటావు. చూపు ఆనని మనిషి చక్రం వంకర ఎలా తీస్తున్నాడని వదిన నన్ను అడిగింది. నిన్ను అడగదు కదా.

నీ కూతురు నిరుడు వానాకాలంలో ఈ కొండల్లో టీకాల పెట్టెతో దిగుతూ లోయలో పడిపోయింది. ఆ సైకిలు నీ చేత్తో బిగించినది. వానలకు ముందు కొత్త బ్రేకు రబ్బర్లు పంపిందీ నువ్వే. అవి జారాయా అన్న ప్రశ్న నిన్ను లోపల్నుంచి తినేస్తోంది. సైకిలు ఇంకా ఆరోగ్య కేంద్రం షెడ్డులో ఉందట. అక్కడికి వెళ్ళాలంటే రెండు లోయలు తొక్కాలి. వెళ్ళి, కళ్ళారా చూసి, ఉన్నదున్నట్టు రాస్తాను.

వదిన కట్టిన మూటలో సగం ఇంకా మిగిలింది. నా ఆకలిని ఆవిడ ఎప్పుడూ ఎక్కువగానే అంచనా వేస్తుంది.

నీ చెల్లెలు


షాపు

చెల్లాయికి,

మీ వదినా నువ్వూ కలిసి నన్ను బాగానే తూకం వేశారు. ఉన్నమాటంటే ఉలుకెక్కువంటారు, అందుకని ఉలకను. పని సంగతి రాస్తాను.

నేను వేసే ప్రతి రబ్బరుకీ పక్కన ఆకురాయితో గాటు పెడతానని నీకు తెలుసు. ఏది ఎప్పుడు వేశామో తెలియాలని నాన్న నేర్పిన అలవాటు. గంటమ్మ సైకిలు మొదట బిగించినప్పుడు పెట్టినవాటికి ఒక్క గాటు. వానలకు ముందు పంపినవాటికి రెండు. అవి నేను మెత్తటి రబ్బరు ఏరి, కోసి, తడి రిమ్ము మీద పట్టేలా ప్రత్యేకంగా చేసినవి. చక్రం మీద రెండు గాట్లవి కనపడితే నా పని దాన్ని ఆపలేదని అర్థం. ఒక్క గాటువి కనపడితే అది మార్చుకోలేదని అర్థం. చూడటమే కాదు, వేలితో తడిమి చూడు. రబ్బరు మిగిలి ఉందా, ఇనుము బయటపడిందా చెప్పు.

నన్ను ఓదార్చడానికి ఒక్క అక్షరం కూడా రాయకు. తండ్రి ఎందుకు రాలేదని అక్కడెవరైనా అడిగితే మోకాలు బాగాలేదని చెప్పు.

అన్నయ్య


రెండో లోయ,
బడి వసారా

అన్నయ్యకి,

ఈ రెండో లోయ చేరేసరికి నాకు ఈ కొండవాళ్ళ భాషలో రెండు మాటలు వచ్చాయి. ఒకటి ఎక్కు, రెండోది దిగు. ఇక్కడ బతకడానికి అవి చాలు. ఒక్కో లోయకి ఒక్కో భాష, ఏటికి అటువాళ్ళ మాట ఇటువాళ్ళకి సగమే తెలుస్తుందట. నా మాటా వాళ్ళ మాటా కలిపేది ఇక్కడి పంతులమ్మ. ఈ లోయలోనే పుట్టి, కింద మన ఊళ్ళ వైపు చదువుకుని వచ్చిన మనిషి. నేను పేజీ నిండా మాట్లాడితే ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. వాళ్ళు ఒక్క ముక్క అంటే నాకు కథంతా చెబుతుంది.

ఇళ్ళు కొండ వాలుకి అతుక్కుని ఉంటాయి. ఒకరి గుమ్మం ఇంకొకరి కప్పుకి సమానం. నన్ను చూసి మొదట ఎవరూ పలకరించలేదు. గంటమ్మ మేనత్తనని పంతులమ్మ చెప్పాక ఒక ముసలాయన నా సైకిలు తీసుకుని గుట్ట మీదికి తనే తోశాడు. వద్దన్నా వినలేదు. గంటమ్మ సైకిలు గంట వినపడితే పిల్లలు మంచాల కింద దూరేవారట, సూది గుచ్చుతుందని. ఇప్పుడు నా గంట విని కూడా ఇద్దరు దూరారు. నవ్వాను, తరవాత నవ్వలేకపోయాను.

ఇంక ముందున్నది పెద్ద దిగుడు. ఆ చోటు నీకు తెలియాలని రాస్తున్నాను. మలుపుల మీద మలుపులు, ఒక పక్క కొండ, ఒక పక్క ఏమీ లేదు. ఏటికి అవతలి వాలూ అచ్చం ఇలాంటిదే, ఆరోగ్య కేంద్రం దాని పైన ఉంది, రెండింటినీ కలిపే పెద్ద దిగుడు అంటారు. ఇక్కడివాళ్ళు ఒట్టి బ్రేకులతో దిగరు. క్యారియరుకి తాడుతో పెద్ద చెట్టు కొమ్మ కట్టి, వెనక ఈడ్చుకుంటూ దిగుతారు. దూరం నుంచి చూసి దారి ఊడుస్తున్నారు కాబోలు అనుకున్నాను. కింద చేరాక కొమ్మ విప్పి కుప్పలో వేస్తారు. ఎక్కేవాళ్ళు ఎవరైనా సరే ఆ కుప్పలోంచి ఒకటి భుజాన వేసుకుని పైకి తెస్తారు, తరవాత దిగేవాళ్ళ కోసం. దారి ఇరుకు కాబట్టి ఒకరు కింద చేరి గంట కొట్టేదాకా పైనున్నవాళ్ళు కదలరు. బ్రేకు లేకపోయినా ఫరవాలేదు గానీ గంట లేని సైకిలు ఇక్కడ సైకిలు కాదు.

రేపు దిగుతున్నాను. నాకూ ఒక కొమ్మ ఏరి పెట్టారు.

నీ చెల్లెలు


షాపు

చెల్లాయికి,

చెట్టు కొమ్మ బ్రేకు అవుతుందా? ఈ మాట షాపులో ఎవరికైనా చెబితే నాకు మతి పోయిందంటారు. కొమ్మ ఎక్కడో రాయికి తగులుకుంటే చక్రం పక్కకి లాగేస్తుంది. మంచి రబ్బరు, బిగువైన తీగ, శుభ్రమైన రిమ్ము ఉంటే ఏ కొండైనా దిగొచ్చు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నువ్వు అనుకుంటావు. అనుకో. ఇంత వయసొచ్చాక కొమ్మల దగ్గర పాఠం నేర్చుకోను.

ఆ ఊళ్ళ సంగతులు మీ వదిన రెండుసార్లు చదివించుకుంది. పిల్లలు మంచాల కింద దూరిన ముక్క దగ్గర లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

షెడ్డుకి ఎప్పుడు వెళ్తావు?

అన్నయ్య


ఆరోగ్య కేంద్రం ఉన్న ఊరు

అన్నయ్యకి,

దిగాను. ఏరు దాటి ఆరోగ్య కేంద్రం దాకా ఎక్కాను కూడా. దిగేటప్పుడు కొమ్మ నన్ను బాగానే పట్టుకుంది, నీకు నచ్చకపోయినా.

ఇక్కడ మబ్బులు ఎంత కిందికి వస్తాయంటే పొద్దున తలుపు తీస్తే గదిలోకి వచ్చి కూర్చుంటాయి. ఎండ వచ్చాక ఒక్కో కొండ కొసే పైకి తేలుతుంది. అవతలి వాలు మీద పసుప్పచ్చ పూలు, వాటి పేరు పంతులమ్మకి కూడా తెలియదట. నాతోనే వచ్చింది, ఈ ఊరి బడీ తనే చూస్తుంది. ఏటి నీళ్ళు పొద్దున ఒక రంగు, సాయంత్రం ఒక రంగు. గాలి ఎంత తేలిగ్గా ఉందంటే మన వీధిలో పీల్చేది గాలేనా అని అనుమానం వచ్చింది. రాత్రిళ్ళు చలి. నువ్వు పంపిన స్వెట్టరు పనికొచ్చింది. పక్షులు కూడా చాలా ఉన్నాయి.

సైకిలు చూశాను. షెడ్డు కప్పు కారి, తుప్పు పట్టింది. బ్రేకు రబ్బర్లు కుళ్ళి రాలిపోయినట్టున్నాయి, కనపడలేదు. కాబట్టి ఏదీ తేలలేదు. మనసు రాయి చేసుకో. ఇక్కడ ఇంకొన్నాళ్ళు ఉంటాను, ఒక మంత్రసాని ఇంట్లో చోటిచ్చింది.

నీ చెల్లెలు


షాపు

చెల్లాయికి,

చిన్నప్పుడు నాన్న గడ్డం గీసుకునే అద్దం పగలగొట్టి, ఆయన ఇంటికి రాగానే ‘ఇవాళ ఎండ ఎంత బాగుందో నాన్నా’ అన్నావు. నువ్వు ఆకాశం గురించి మాట్లాడావంటే కింద ఏదో పగిలిందని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఈ ఉత్తరంలో మబ్బులూ పూలూ అరపేజీ ఉన్నాయి. రబ్బర్లు రెండు వాక్యాలు.

ఇనుప పట్టీలో బిగించిన రబ్బరు ఏడాదిలో కుళ్ళి రాలిపోదు. ఎండిపోతుంది, బీటలు వారుతుంది, అక్కడే ఉంటుంది. ఈ అబద్ధం ఇంకెవరికైనా చెప్పాల్సింది.

నువ్వు ఎంతమంది గుమ్మాల్లో నిలబడి చావు కబుర్లు అందించావో నాకు తెలుసు. ఒక్కటైనా సంచిలో దాచి ఇంటికి తెచ్చావా? ఎవరిది వాళ్ళకి ఇచ్చేశావు. నాది నాకు ఇచ్చెయ్యి.

అన్నయ్య


మంత్రసాని ఇల్లు

అన్నయ్యకి,

ఇదిగో, నీది నీకు ఇస్తున్నాను.

గంటమ్మ సైకిలు మీద ఉన్నవి ఒక్క గాటువి. వేలితో తడిమాను. వెనకవి పలచగా అరిగాయి. ముందువైపు రబ్బరు లేదు, ఇనుము బయటపడింది. నువ్వు పంపిన రబ్బర్లు జారలేదు. అవి ఆ చక్రం మీదికే ఎక్కలేదు.

రెండు గాట్లవి కూడా చూశాను. అవి ఈ మంత్రసాని సైకిలు మీద ఉన్నాయి.

నేను దాచింది అందుకే. ఈవిడ ఇంట్లో తింటున్నాను, ఈవిడ పరిచిన పక్క మీద పడుకుంటున్నాను. కన్నవాడివి, ఆ మాట వింటే నీకు ఈవిడ మీద ఏమనిపిస్తుందో ఊహించగలను. మింగలేక కక్కలేక మబ్బుల గురించి రాశాను.

జరిగింది పంతులమ్మ నోటిమీదుగా విన్నాను. ఈవిడ కాన్పు పిలుపు వస్తే ఏ వేళైనా పెద్ద దిగుడు దిగాలి, ఎక్కాలి. బ్రేకులకి బదులు తాడు ముక్కలు కట్టుకుని తిరిగేదట. వానల ముందు గంటమ్మ వచ్చి, కింద కూర్చుని, కొత్త రబ్బర్లు తన చేత్తో బిగించింది. మరి నీకో అని ఈవిడ అడిగిందట. మా నాన్న రెండు సైకిళ్ళకి సరిపడా పంపాడని చెప్పింది. నోట్లో నువ్వుగింజ నానదని దాన్ని ఎన్నిసార్లు వేళాకోళం చేశాం! ఆ ఒక్క మాట మాత్రం కడుపులో దాచుకుంది.

ఆ రోజు విడవని వాన. ఎవరూ ఎక్కి రాలేదు కాబట్టి పైన కొమ్మలు లేవు. ఇద్దరూ పైన నిలబడి ఉన్నారు. తగ్గేదాకా ఆగుదామని ఈవిడ అంది. పెట్టెలో మంచు కరిగిపోతోంది, మందు పాడైతే మళ్ళీ నెలదాకా రాదని గంటమ్మ అంది. ముందు నేను దిగి గంట కొడతాను, తరవాత నువ్వు రా అని వెళ్ళింది. ఈవిడ గంట కోసం వింటూ వానలో నిలబడిపోయింది.

ఆ మాట అబద్ధమని ఈవిడకి మొన్నటిదాకా తెలియదు. నేను ఈవిడ చక్రం దగ్గర కూర్చుని, గాట్లు చూసి ఏడిస్తే తెలిసింది.

నీ చెల్లెలు


షాపు

చెల్లాయికి,

ఆవిడ ఎందుకు తీసుకుంది? రెండు సైకిళ్ళకి పంపాడంటే నమ్మేసిందా? ఒక్కసారి వంగి దాని చక్రం చూస్తే తెలిసేది కాదా? వంగడానికి నడుము లేదా ఆవిడకి?

ఏడాదిగా నా చేతుల్ని నేను తిట్టుకున్నాను. అన్నం కలుపుతుంటే ఈ చేతులేనా అనుకున్నాను. ఇన్నాళ్ళూ ఆ రబ్బర్లు అక్కడ ఆవిడని మోసుకు తిరుగుతున్నాయి.

అవి నా కూతురి కోసం కోసినవి. ఇంకొకరి చక్రం మీద తిరగడానికి వీల్లేదు. నేను అన్నానని ఆవిడకి చెప్పు.

అన్నయ్య


మంత్రసాని ఇల్లు

అన్నయ్యకి,

నీ ఉత్తరం వచ్చినప్పుడు పంతులమ్మ ఇక్కడే ఉంది. మీ అన్న ఏం రాశాడని ఆవిడ అడిగించింది. ఒకసారి అబద్ధం రాసి నీ చేత చివాట్లు తిన్నదాన్ని, పైగా నువ్వు చెప్పమన్నావు. చెప్పాను. పంతులమ్మ దాన్ని ఎప్పటిలా ఒక్క ముక్కలో చెప్పలేదు. చాలాసేపు తీసుకుంది, నేల చూస్తూ చెప్పింది.

ఆవిడకి కోపం రాలేదు. పొయ్యి మీద ఉన్నది దించి నాకు పెట్టింది. పొద్దున నేను లేచేసరికి రబ్బర్లు విప్పి, బురద కడిగి, ఉతికిన గుడ్డలో చుట్టి నా చెప్పుల పక్కన పెట్టింది. అప్పటికే పనికి వెళ్ళిపోయింది. ఆ గుడ్డతో సహా పంపిస్తున్నాను. నీ సొత్తు నీకు చేరింది.

ఆవిడ ఇప్పుడు కొమ్మతోనే దిగుతోంది. నా సైకిలు తీసుకోమంటే చేతులు జోడించింది. మీ ఇంటివి ఇంక ఏవీ ముట్టుకోనని పంతులమ్మతో అందట. అవతలి కొండల మీద మబ్బు నల్లబడుతోంది. ఈసారి ఆకాశం గురించి రాస్తున్నది అబద్ధం దాచడానికి కాదు.

నువ్వు నాకు అన్నవి కాబట్టి ఇంతటితో ఆపుతున్నాను.

నీ చెల్లెలు


షాపు

చెల్లాయికి,

పార్సిలు అందింది. గుడ్డ విప్పి బల్ల మీద పెట్టాను. గాట్లు రెండూ ఉన్నాయి.

చాలాసేపు ముట్టుకోలేదు. తరవాత అలవాటు కొద్దీ చేతిలోకి తీసుకున్నాను. సమంగా అరిగాయి. అంటే గంటమ్మ వాటిని రిమ్ముకి సరిగ్గా ఎదురుగా బిగించింది, నేను నేర్పినట్టే. కొస అంత కూడా పక్కకి పోలేదు. రబ్బరులో రాతి పలుకులు గుచ్చుకుని ఉన్నాయి. సూదితో ఒక్కొక్కటీ తీస్తూ కూర్చున్నాను. తడి రోడ్డు మీద గట్టిగా పట్టినప్పుడే అలా గుచ్చుకుంటాయి. ఇవి పని చేశాయి, చెల్లాయ్. దిగిన ప్రతిసారీ ఆవిడని ఆపాయి. ఆవిడ చేతిలో పుట్టిన పిల్లలంతా...

ఆ వాక్యం పూర్తి చెయ్యలేను.

మీ వదిన వచ్చి చూసింది. ఇవేంటని అడిగింది. నీ ఉత్తరాలన్నీ చదివాను, నేను రాసినదీ చెప్పాను. విని ఒకే మాట అంది.

“ఇచ్చింది నా కూతురు. వెనక్కి అడగడానికి మీరెవరు?”

ఇన్నేళ్ళ కాపురంలో నన్ను అంత మాట అనలేదు. అప్పుడు బుర్రకి తట్టింది. ఇవి నా బల్ల మీద ఉన్నాయంటే, అక్కడ ఆవిడ చక్రానికి ఏమీ లేదు. వానలు వస్తున్నాయి. వానలో ఎవరూ ఎక్కి రారు. పైన కొమ్మలు ఉండవు. నా కూతురు నిలబడిన చోటే ఆవిడ నిలబడుతుంది, పిలుపు వస్తే ఆగదు. ఈసారి చక్రం ఖాళీ చేసినవాణ్ణి నేను.

ఆవిడని దిగనివ్వకు. కాళ్ళు పట్టుకునైనా ఆపు. నా మాటని కాదు, నా మాట తప్పని చెప్పు. రెండు రోజులుగా షాపు మూసి కొత్తవి కోస్తున్నాను. మీ వదిన మూట కట్టేసింది. మోకాలి గురించి ఎవరూ అడగలేదు.

ఈ ఉత్తరం పైకి వెళ్ళే బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. తరవాతి బస్సులో నేను.

అన్నయ్య


మంత్రసాని ఇల్లు

వదినకి,

ఈసారి నీకే రాస్తున్నాను, అన్నయ్య రాయడు కాబట్టి.

ఉత్తరం ముందు వచ్చింది. ఆవిడని ఆపడానికి మాటలు చాలక సైకిలు కొట్లో పెట్టి తాళం వేసి, చెవి నా దగ్గర ఉంచుకున్నాను. తిట్టింది. ఏం తిట్టిందో పంతులమ్మ చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం వానలో, పెద్ద దిగుడు కింద నుంచి ఒక మనిషి మెల్లగా ఎక్కి వస్తున్నాడు. ఒక చేతిలో పనిముట్ల సంచి. భుజం మీద ఇంత కొమ్మ. కుప్ప దగ్గర, ఎక్కేవాళ్ళందరి లాగే, తనూ ఒకటి తీసుకున్నాడట. మోకాలు నిజంగానే బాగాలేదు వదినా, కుంటుతూ వచ్చాడు.

ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. అన్నయ్యకి ఆవిడ భాష రాదు, ఆవిడకి మన భాష రాదు, పంతులమ్మ బడిలో ఉంది. ఒకరినొకరు చూసుకున్నారు. నేను కొట్టు తాళం తీశాను, అన్నయ్య ఆవిడ చక్రం ముందు నేల మీద కూర్చుని సంచి విప్పాడు. మొదటి రబ్బరు బిగించేటప్పుడు మర చేతిలోంచి రెండుసార్లు జారింది. ఆవిడ తీసి ఇచ్చింది. నాలుగూ బిగించాక, ఆవిడ గంట బొంగురుపోయిందని ఆరోగ్య కేంద్రం షెడ్డులోకి వెళ్ళి మన గంటమ్మ గంట విప్పి తెచ్చి పెట్టాడు. అది నేను అడగలేదు, ఆవిడా అడగలేదు.

సాయంత్రం కింది ఊరి నుంచి కాన్పు పిలుపు వచ్చింది. వాన ఇంకా పడుతోంది. అన్నయ్య తను మోసుకొచ్చిన కొమ్మ తీసి, తనే ఆవిడ క్యారియరుకి కట్టాడు. తాడు ముడి లాగి లాగి చూశాడు. ఆవిడ వెళ్ళింది.

మేము పైన నిలబడ్డాం. మొదటి మలుపు తిరిగాక మనిషి కనపడదు, వాన చప్పుడే. అన్నయ్య నెత్తిన గుడ్డ కూడా వేసుకోలేదు. చేతులు రెండూ ముందుకి చాపి, లేని బ్రేకు పట్టుకున్నట్టు బిగించి నిలబడ్డాడు. ఎంతసేపో తెలియదు.

కింద గంట మోగింది. మన గంటే. చిన్నప్పుడు షాపులో గంటమ్మ రోజంతా కొట్టి మన చెవులు చిల్లులు పెట్టేది చూడు, అదే మోత.

అన్నయ్య ఆ బురదలోనే కూర్చుండిపోయి ఏడ్చాడు వదినా. గంటమ్మ పోయాక అతను ఏడవడం నేను చూడటం ఇదే. ఏడవనిచ్చాను. తరవాత మొహం తుడుచుకుని లేచి, ఈ ఊళ్ళో ఇంకా ఎవరెవరి బ్రేకులు చూడాలో పంతులమ్మని అడిగి రమ్మన్నాడు.

నీ ఆడపడుచు